ఏ నాగేశ్వరరావు?

మొన్న సంక్రాంతికి ఫిల్మ్‌నగర్‌లో వున్న మా అమ్మాయి యింటికి వెళ్ళాను. దారిలో, జూబిలీహిల్స్ దగ్గర అన్నపూర్ణా స్టూడియో కనబడగానే 'దొంగరాముడు' గుర్తుకొచ్చింది. 1955లో వచ్చిన అన్నపూర్ణావారి తొలి చిత్రం అది. చిన్నతనంలో చూసినప్పుడు నన్ను హడలగొట్టిన విలను ఆర్. నాగేశ్వరరావు.

భోజనాలయ్యాక, "ఆయన వేసిన చిత్రాలేమిటో నీ యంత్రాన్ని అడగరా" అన్నాను మనవడితో. అడిగాడు. వచ్చినవన్నీ అక్కినేనివారి చిత్రాలే! పక్కన ఫొటో కూడా ఆయనదే!

నాకు చిర్రెత్తింది. ఆ చిత్రంలో హీరో ఒక నాగేశ్వరరావు, విలను మరొక నాగేశ్వరరావు. 1957లో 'మాయాబజార్'లో దుశ్శాసనుడు కూడా ఈ రెండో ఆయనే. చేసిన కష్టం కాస్తా హీరోగారి ఖాతాలో జమ అయిపోతే ఎట్లా?

మావాడిది కంప్యూటరు వుద్యోగం. "యంత్రానికి అక్షరాలు తెలుస్తాయి గాని మనుషులు తెలియరు తాతయ్యా" అన్నాడు.

వాడు చెప్పింది నాకు తెలిసినంతలో మనవి చేస్తాను. వెబ్ పేజీలో మాటలకు గుర్తులు తగిలిస్తారట. హెచ్‌టీఎంఎల్ గుర్తులు 'ఇది శీర్షిక, ఇది పేరా' అంటాయి గాని అక్కడున్న పేరు ఎవరిదో చెప్పవు. జాడీ మీద 'జాడీ' అని రాసినట్టన్నమాట! మా ఆవిడైతే 'ఆవకాయ', 'మాగాయ' అని విడివిడిగా చీటీలంటిస్తుంది. అటువంటి చీటీల పద్ధతే 1999లో వచ్చిన ఆర్‌డీఎఫ్. దానికి రూపమిచ్చిన వారిలో మద్రాసు ఐ.ఐ.టి.లో చదివిన రామనాథన్ గుహ ఒకరు. అందులో ప్రతి సంగతీ మూడు ముక్కలే: ఫలానా మనిషి, నటించింది, ఫలానా చిత్రంలో. పైగా ప్రతి మనిషికీ, ప్రతి చిత్రానికీ వేరే చిరునామా వుంటుంది. మనవాళ్ళు యింటిపేర్లు పెట్టుకున్నది అందుకే గదా!

2001లో టిమ్ బెర్నర్స్-లీ, మరిద్దరూ కలిసి 'సైంటిఫిక్ అమెరికన్' పత్రికలో ఒక ముచ్చట రాశారు. తల్లికి వైద్యం కావాలి. ఆమె కొడుకూ కూతురూ తమ కంప్యూటరు ఏజెంట్లకు పని పురమాయిస్తారు. ఆ ఏజెంట్లే వైద్యుణ్ణి వెతికి, వేళలు కుదిర్చి పెడతాయి. గట్టి ప్రొడక్షన్ మేనేజరు చేసే పని! అయితే చీటీలు సరిగా వుంటేనే సుమా. వాటిని అంటించే ఓపిక ఎవరికుంది? చిక్కంతా అక్కడే వున్నదని నాకు తోచింది.

2012లో మొదలైన వికీడేటాలో ఎవరైనా ఆ చీటీలు అంటించవచ్చునట. మావాడు దాన్ని తెరిచి, "చెప్పు తాతయ్యా, యింకా ఏయే చిత్రాలు?" అన్నాడు. గుర్తున్నవి చెప్పుకుపోయాను.

"ఆధారం?"

"నేను చూశానురా!"

"అది చాలదు."

పాటల పుస్తకాల్లో తారాగణం వేసేవారు. అవి మా వూళ్ళో, అటక మీది ట్రంకుపెట్టెలో వున్నాయి. వచ్చే నెల తెస్తానని చెప్పి వచ్చాను.