స్వేచ్ఛావాద గ్రంథములును, సహకార రైతును

భిక్నూరు ప్రాంతపు రైతులకు ‘స్వేచ్ఛావాదము’ అను పేరు క్రొత్తగా తోచవచ్చును గాని, అందలి తగవు క్రొత్తది కాదు. నా చేనిలో ఏ పైరు వేయవలెనో, పండిన గింజను ఎవరికమ్మవలెనో నిశ్చయించువాడను నేనా, సర్కారా? ఈ ప్రశ్నకు ‘నీవే’ యని తడుముకొనక బదులు చెప్పువారు స్వేచ్ఛావాదులు. ప్రభుత్వము ప్రాణమును, ఆస్తిని, ఒడంబడికలను కాపాడిన చాలును; వ్యవసాయ వర్తకములందు అది చేయి పెట్టినకొలది ప్రజలకు నష్టమే యని వారి మతము. ఈ మతమును గూర్చిన గ్రంథములు ఇటీవల పెక్కు వెలువడుచున్నవి. వానిలో తెలుగు రైతు ప్రసక్తి గలది యొకటి యుండుటచే, సంఘ సభ్యులకు దాని విషయము తెలుపదలచినాము.

ఆదిత్య బాలసుబ్రహ్మణ్యన్ గారు ఆంగ్లమున రచించిన ‘టువర్డ్ ఎ ఫ్రీ ఎకానమీ’ యను ఆ గ్రంథము 2023లో వెలువడినది. అది స్వతంత్ర పార్టీ చరిత్ర. 1959 జనవరిలో నాగపూరున జరిగిన కాంగ్రెసు మహాసభ, భూములన్నిటిని కలిపి ఉమ్మడిగా దున్నుటయే దేశ వ్యవసాయమునకు మున్ముందు మార్గమని తీర్మానించెను. భూమిపై హక్కు రైతునకే యుండును, ఫలసాయములో వంతు వచ్చును అనియు అందు చెప్పిరి. అయినను గుంటూరు జిల్లా నిడుబ్రోలు రైతుబిడ్డ ఆచార్య ఎన్. జి. రంగా గారు దీని కొప్పుకొనక కాంగ్రెసును వీడిరి. ఆ యేడే రాజాజీ ప్రభృతులతో కలిసి స్వతంత్ర పార్టీని స్థాపించి దానికి అధ్యక్షులైరి. హక్కు కాగితముపై నిలిచినను, దున్నుట, విత్తుట, కోయుట పరుల ఆజ్ఞపై జరిగినచో రైతు తన చేనిలో తానే కూలివాడగునని వారి వాదసారము. జమీందారీలపై ఏండ్ల తరబడి పోరాడినవారు గనుక ఈ మాట భూస్వాముల పక్షమున పలికినదని త్రోసిపుచ్చుటకు వీలులేదు. 1967 ఎన్నికలలో లోక్‌సభయందు 44 స్థానములు గెలిచిన ఆ పార్టీ 1974లో మఱియొక పార్టీలో లీనమయ్యెను. ఉమ్మడి సేద్యమును దేశములో వేళ్ళూనలేదు.

సభ్యులు ఇచట ఒక సంగతి గమనింపవలెను. రంగా గారు వలదన్నది సేద్యమును కలుపుటయే గాని సహకారమును కాదు. అప్పు, ఎరువు, విత్తనము, అమ్మకము వీనికై రైతులు తమంత తాము కూడుకొనుటను వారు నిరాకరింపలేదు.

స్వేచ్ఛావాదులు గురువుగా నెన్నుకొను హాయక్ పండితుడు వియన్నా నగరమున జన్మించినవాడు. సర్వమును పై నుండి నిర్ణయించు ప్రణాళిక తుదకు దాస్యమునకు దారి తీయునని ఆయన 1944లో ఒక గ్రంథము వ్రాసెను. మరుసటి యేడు వ్రాసిన వ్యాసములో ఇంకను సూక్ష్మమైన సంగతి చెప్పెను. లోకములోని తెలివి ఒక చోట కుప్పగా లేదు, కోట్ల మందిలో చెదరి యున్నదనుట. దీనికి మన రైతుకు ఉదాహరణము వెదుక నక్కఱలేదు. ఏ చెలకలో పదును ఎన్ని దినములు నిలుచునో, ఏ బోరు చైత్రము రాకమునుపే ఎండునో, రాజధానిలో కూర్చున్న అధికారి కెట్లు తెలియును?

ఇంతవరకు మాకు సమ్మతమే. కాని కల్లములో వడ్లు రాసి పోసి, మబ్బు పట్టిన ఆకాశమును చూచుచు, అప్పిచ్చిన వర్తకుడు చెప్పిన ధరకు తల యూపు రైతునకు ఒడంబడిక చేసికొను స్వేచ్ఛ యెంత గలదు? ఈ చోట ఆ గ్రంథములలో చాల భాగము త్వరపడి దాటిపోవుచున్నవి. 2020లో కేంద్రము చేసిన మూడు వ్యవసాయ చట్టములను స్వేచ్ఛావాదులలో పలువురు మెచ్చుకొనిరి. పంజాబు, హర్యానా రైతులు ఢిల్లీ పొలిమేరలలో ఏడాదికి పైగా కూర్చుండి వానిని ఎదిరింపగా, 2021లో అవి రద్దయ్యెను. మండి గోడ తొలగించినంతనే రైతునకు బేరమాడు బలము వచ్చునా యన్నదే వారి భయము.

ఆ బలము ఎచటనుండి వచ్చునో చూపు గ్రంథము వేఱొకటి కలదు. రాబర్టు వేడ్ అను పండితుడు కర్నూలు జిల్లాలో తుంగభద్ర కాలువ క్రింది ఊళ్ళను పరిశీలించి 1988లో ‘విలేజ్ రిపబ్లిక్స్’ అను పుస్తకమును ప్రకటించెను. కొన్ని ఊళ్ళలో రైతులే, ఏ చట్టమును లేకుండ, ఏ ఆఫీసరును చెప్పకుండ, ఊరి సభ యొకటి ఏర్పఱచుకొని నీరు పంచువారిని, పొలము కాచువారిని జీతమిచ్చి పెట్టుకొనిరి. కోతలైన పొలములలో గొఱ్ఱెల మంద తిరుగు హక్కును వేలము వేసి ఆ ధనమును ఊరి నిధికి చేర్చిరి. ఇట్టి యేర్పాటు కాలువ మొదటి ఊళ్ళలో అరుదు. నీరు అందునో అందదో యను చివరి ఊళ్ళలోనే ఎక్కువ. మన చెఱువు తూము కడ నీరటికాడు నిలిచి మడి మడికి వంతు తెచ్చినదియు, రైతులు వానికి గింజ కొలిచినదియు ఇట్టిదే గదా.

కావున ఒంటరితనమా, కూటమియా యని తగవులాడుట వ్యర్థము. కూటమి ఎవరి ఇష్టముపై నిలిచినదనుటయే ముఖ్యము. 1964 నాటి సహకార సంఘముల చట్టము క్రింద పాలకవర్గమును తొలగించుటకును, దాని స్థానమున అధికారిని కూర్చుండబెట్టుటకును ప్రభుత్వమునకు అధికారము కలదు. 1995లో ఆంధ్రప్రదేశ్‌లో పరస్పర సహాయక సహకార సంఘముల చట్టము వచ్చెను. ఈ చట్టము క్రింద చేరు సంఘము ప్రభుత్వ వాటాధనము పుచ్చుకొనదు. నియమావళిని తానే వ్రాసికొనును, ఎన్నికలు తానే జరుపుకొనును, నష్టము వచ్చినను తానే భరించును. పాత సంఘము ఇందు చేరదలచినచో సర్కారు వాటాను తిరిగి చెల్లింపవలెను. స్వేచ్ఛకు ధర యుండుననుట ఈ నిబంధనలో కనబడుచున్నది.

ఆ ధర చెల్లింపగలిగిన ఊళ్ళు లేకపోలేదు. 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి గారు ముల్కనూరున నెలకొల్పిన సంఘము సభ్యుల పొదుపు, విత్తనవరి, ధాన్యపు అమ్మకము మీద నిలిచి నేటికిని తెలంగాణమునకు పేరు తెచ్చుచున్నది.

సభ్యులు రాబోవు మహాసభకు వచ్చునపుడు ఆస్తి అప్పుల పట్టికలో రెండు పద్దులు చూడవలెనని కోరుచున్నాము: ప్రభుత్వ వాటాధనమెంత, సభ్యుల డిపాజిట్లెంత. నియమావళి ప్రతి కార్యదర్శి కడ నుండును. అడిగి చదువుకొనవచ్చును, చదువు రానివారు చదివించుకొనవచ్చును.