ఎవాంగెలియన్ ఆశాభంగం: అపోహలు – వాస్తవాలు

యానిమే చూడటం మొదలుపెట్టిన ఎవరికైనా తొందరలోనే వినిపించే పేరు ‘నియాన్ జెనెసిస్ ఎవాంగెలియన్’. హిదెయాకి అన్నో దర్శకత్వంలో గైనాక్స్ స్టూడియో తీసిన ఈ సిరీస్ 1995 అక్టోబరు 4 నుంచి 1996 మార్చి 27 దాకా టీవీ టోక్యోలో 26 భాగాలుగా వచ్చింది. యానిమేలో ఇంతకు మించినది లేదని చెప్పేవాళ్లు కోకొల్లలు. ఆ మాట నమ్మి చూసినవాళ్లలో చాలామంది చివరి రెండు భాగాలయ్యాక ఉసూరుమంటారు. అలా ఉసూరుమనడంలో తప్పేమీ లేదు. దానికి చెప్పే కారణాల్లోనే చాలా తప్పులున్నాయి.

అపోహ: డబ్బులు అయిపోయి చివరి రెండు భాగాలను ఎలాగోలా చుట్టేశారు.

అసలు అయిపోయింది సమయం. చివరికొచ్చేసరికి షెడ్యూలు పూర్తిగా కుప్పకూలిందని సహాయ దర్శకుడు కజుయా త్సురుమాకి తర్వాత చెప్పారు. బొమ్మలన్నీ చేత్తో గీసి, సెల్ షీట్ల మీద రంగులద్ది, ఒక్కొక్కటిగా ఫొటో తీయాల్సిన రోజులవి. వారం తిరిగేసరికి ప్రసారం తప్పదు. 25వ భాగానికి వేరే స్క్రిప్టు ఉన్నా, తీసే వ్యవధి లేక పక్కన పెట్టారు. అందుకే యుద్ధం ఎలా ముగిసిందో చూపకుండా కథ భారీ రోబోను నడిపే కుర్రాడు షింజి మనసులోకి వెళ్లిపోతుంది. కుర్చీ, దాని మీద పడే వెలుగు, ప్రశ్నల పరంపర, పెన్సిల్ గీతలు. మనకు కనిపించేది ఇంతే.

అలాగని కదలని బొమ్మ కనిపించిన ప్రతిచోటా గతిలేక వాడారని అనుకోకూడదు. 22వ భాగంలో షింజి తోటి పైలట్లు అసుకా, రేయి లిఫ్టులో దాదాపు నిమిషంసేపు కదలకుండా నిలబడతారు. ఆ ఇద్దరమ్మాయిల మధ్య పడని సంగతి ఆ నిశ్శబ్దమే చెప్పేస్తుంది. 24వ భాగంలో షింజి తన స్నేహితుణ్ని యంత్రం పిడికిట్లో పట్టుకుని ఏమీ చేయలేక ఆగిపోయే ఘట్టం నా దృష్టిలో ఈ సిరీస్ మొత్తానికి శిఖరం. 25వ భాగం వీటికి సరితూగదు. అంతకుముందు చూపించి ఒప్పించినదాన్నే అక్కడ మాటల్లో మళ్లీ వివరిస్తారు. అక్కడ విసుగొచ్చిందంటే ఆ విసుగు న్యాయమైనదే.

అపోహ: శిలువలు, దేవదూతల పేర్ల వెనుక లోతైన క్రైస్తవ రహస్యం ఉంది.

భారీ రోబోల సిరీస్‌లు అప్పటికే చాలా ఉన్నందున కొత్తగా కనిపించాలని ఆ గుర్తులు వాడామని, తమ బృందంలో క్రైస్తవులెవరూ లేరని త్సురుమాకి స్పష్టంగానే చెప్పారు. రహస్యం విప్పుదామని 26 భాగాలూ వెతికినవారికి నిరాశ తప్పదు.

అపోహ: టీవీ ముగింపును తిట్టినవారి మీద కక్షతో అన్నో సినిమా తీశారు.

ఆగ్రహంతో ఉత్తరాలు వచ్చిన మాట నిజం. 1997 జూలై 19న విడుదలైన ‘ది ఎండ్ ఆఫ్ ఎవాంగెలియన్’లో అభిమానులు పంపిన సందేశాలు తెరమీద మెరుస్తాయి కూడా. అయితే ఆ సినిమా మొదటి సగానికి ఆధారం 25వ భాగం కోసం రాసి పక్కనపెట్టిన స్క్రిప్టే. టీవీలో వేళ మించిపోయి చేయలేని పని అక్కడ చేశారు.

అపోహ: నచ్చలేదంటే మీకు అర్థం కాలేదన్నమాట.

అన్నిటికన్నా అన్యాయమైన మాట ఇది. ఈ సిరీస్‌కు ముందు దాదాపు నాలుగేళ్లు ఏ పనీ చేయలేని కుంగుబాటులో ఉన్నానని అన్నోయే రాసుకున్నారు. ఆ వేదనను ఆయన సాయంత్రం ఆరున్నరకు వచ్చే రోబోల కార్యక్రమంలో పెట్టారు. తల్లి పోయి, తండ్రి వదిలేసిన 14 ఏళ్ల షింజిని ఆ తండ్రే పిలిపించి యుద్ధయంత్రం ఎక్కమంటాడు. ఎక్కనని మొండికేసే ఆ కుర్రాడు 1995లో జపాన్ ప్రేక్షకులకు పెద్ద కుదుపు. ఆ తర్వాత అలాంటి కథానాయకులు ఎందరో వచ్చారు. వాళ్లందరినీ చూసేసి దీని దగ్గరికి వచ్చినవారికి అదే కుదుపు కలగాలనడం సబబు కాదు.

పైగా మన దగ్గర చాలామంది దీన్ని చూసింది 2019 జూన్ 21న నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చాకే. ఇంగ్లిష్ డబ్బింగ్ కొత్తగా చేశారు. ప్రతి భాగం చివరా వినిపించే ‘ఫ్లై మీ టు ద మూన్’ పాట జపాన్ బయట తీసేశారు. బరువైన భాగం ముగియగానే ఆ పాట ఇచ్చే ఊరట వాళ్లకు దక్కనే లేదు.

అర్థం కావడం వేరు, నచ్చడం వేరు. తనను తాను ఒప్పుకోవడం షింజికి ఎందుకంత కష్టమో పూర్తిగా తెలిసినవారు కూడా ఆ ముగింపు తొందరపాటుగా ఉందని అనవచ్చు. నేనూ అంటాను.

2007 నుంచి 2021 దాకా వచ్చిన నాలుగు సినిమాలు కథను వేరే దారి పట్టించాయి. సిరీస్‌కు బదులుగా వాటిని చూస్తే సరిపోదు. 26 భాగాలయ్యాక 1997 సినిమా చూసి, అప్పుడే ఒక అభిప్రాయానికి రండి. ఇది ఇతరులకు చూడమని చెప్పేవారికి ఒక విన్నపం: రోబోల పోరాటాలని ఊరించకండి. ఒంటరితనం గురించిన కథ అని, చివరి రెండు భాగాలు వేరే తీరులో ఉంటాయని ముందే చెప్పండి.