మొండి ఉలి మాట వినదు

పిల్లలూ! తెలుగులో ‘మొండి’ అనే మాటకు రెండు అర్థాలు ఉన్నాయి. చెప్పిన మాట వినని పిల్లవాణ్ణి మొండివాడు అంటాం. పదును పోయిన కత్తిని మొండి కత్తి అంటాం. ఈ రెండు అర్థాలూ ఎంత దగ్గరివో చెక్కపని చేసేవాళ్ళకి బాగా తెలుసు. పదును లేని ఉలి మనం పొమ్మన్న వైపు పోదు, తనకి నచ్చిన వైపు పోతుంది. ఇంట్లో చెక్కపనికి ఏ పనిముట్లు కావాలో, వాటిని ఎలా సిద్ధం చేసుకోవాలో, ఎలా వాడాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

వడ్రంగి సంచి, ఇంటి గరాజ్

మన ఊళ్ళల్లో తలుపో, మంచమో కావాలంటే వడ్రంగిని పిలుస్తాం. ఆయన తన పనిముట్లు సంచిలో వేసుకుని మన ఇంటికే వస్తాడు. రంపం, ఉలులు, సుత్తి, బాడిస, చిత్రిక, మూలమట్టం, సానరాయి. ఇంచుమించు ఇవే ఉంటాయి. వరండాలో కూర్చుని వాటితోనే తలుపు చేసేస్తాడు.

ఇక్కడ అమెరికాలో చాలామంది తమ గరాజ్‌లో తామే చెక్కపని చేసుకుంటారు. ఈ దేశానికి కొత్తగా వచ్చిన నాకు, ఆ గోడల నిండా వేలాడే పనిముట్లు చూస్తే ముచ్చటేస్తుంది. కానీ గోడ నిండా పనిముట్లు ఉండటం వేరు, అవి బాగా పనిచేయడం వేరు. వడ్రంగి సంచిలో సానరాయి ఎందుకు ఉందో ఆలోచించారా? అది చెక్కని కొయ్యదు, చెక్కదు. అయినా ఉలి, చిత్రిక, బాడిస అన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి.

ఏవి కొనుక్కోవాలి?

ముందు పనిముట్లు కాదు, ఏం చెయ్యాలో అనుకోండి. మనం ఒక పీట చేద్దాం. పీట అంటే నేల మీద వేసుకుని కూర్చునే చిన్న బల్ల. పైన ఒక పలక, కింద అడ్డంగా రెండు కాళ్ళు. కాళ్ళు కదలకుండా కూర్చోవడానికి పలక అడుగున రెండు గాడులు తియ్యాలి. ఇప్పుడు ఒక్కో పనికి ఒక్కో పనిముట్టు చూసుకుందాం.

గీత గియ్యడానికి టేపు, పెన్సిల్, మూలమట్టం. చెక్క కొయ్యడానికి రంపం. గాడి తియ్యడానికి అర అంగుళం ఉలి, కొయ్యసుత్తి. నునుపు చెయ్యడానికి చిత్రిక. చెక్క కదలకుండా బల్లకి బిగించడానికి రెండు క్లాంపులు. వీటితో పాటు సానరాయి, కళ్ళద్దాలు. అంతే! ఇరవై ఉలుల పెట్టె కంటే ఒక్క మంచి ఉలి మేలు.

కొత్తవే కొనాలని కూడా లేదు. గరాజ్ సేల్‌లో పాత ఇనప చిత్రిక కనిపిస్తే తీసి చూడండి. అమెరికాలో లెనార్డ్ బెయిలీ అనే ఆయన ఇలాంటి చిత్రికలకు పేటెంట్లు తీసుకున్నాడు. 1869లో స్టాన్లీ కంపెనీ వాటిని కొంది. ఇప్పుడు దుకాణాల్లో దొరికే ఇనప చిత్రికలు చాలావరకు ఆ పద్ధతిలో చేసినవే. అందుకే పాతది కూడా చక్కగా పనిచేస్తుంది. పైపైన తుప్పు ఉంటే భయం లేదు, రుద్దితే పోతుంది. ఇనుము ఎక్కడైనా పగిలి ఉంటే మాత్రం వదిలెయ్యండి.

పనికి ముందు పరీక్ష

కొత్త పనిముట్టు కూడా దుకాణం నుంచి వచ్చిన వెంటనే పనికి సిద్ధంగా ఉండదు. ఒక్కొక్కటే చూద్దాం.

మూలమట్టం: ఇది ‘L’ ఆకారంలో ఉంటుంది. దాని మూల సరిగ్గా 90 డిగ్రీలు ఉందో లేదో మీరే కనిపెట్టవచ్చు. తిన్నని అంచు ఉన్న చెక్క తీసుకోండి. మూలమట్టాన్ని ఆ అంచుకి ఆనించి ఒక గీత గీయండి. ఇప్పుడు దాన్ని అటు నుంచి ఇటు తిరగేసి, అదే చోట నుంచి ఇంకో గీత గీయండి. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడితే అది నిజం చెప్తున్నట్టు. గీతలు పైకి పోయేకొద్దీ విడిపోతే దానిలో తప్పు ఉంది. మనకి కనిపించేది అసలు తప్పుకి రెట్టింపు. అందుకే చిన్న తప్పు కూడా దొరికిపోతుంది.

ఉలి: ఉలికి రెండు ముఖాలు. ఒకటి చదునైన వీపు, ఇంకోటి ఏటవాలుగా ఉండే ముందుభాగం. ఆ రెండూ కలిసే గీతే పదును. కాబట్టి ఏటవాలు వైపు మాత్రమే అరగదీస్తే చాలదు, అంచు దగ్గర వీపు కూడా అద్దంలా నునుపుగా ఉండాలి. ఏటవాలు సుమారు 25 నుంచి 30 డిగ్రీలు ఉండాలి. అది ఎంతో చూడాలంటే కాగితం మూలని సగానికి మడవండి, మళ్ళీ సగానికి మడవండి. 22న్నర డిగ్రీలు వస్తుంది. దానికంటే కాస్త ఎక్కువ అన్నమాట.

సానపట్టేటప్పుడు పెద్దవాళ్ళు పక్కన ఉండాలి. రాయిని తడిపి, ఏటవాలు భాగం మొత్తం రాయికి ఆనేలా పెట్టి రుద్దాలి. ముందు 1000 నంబరు రాయి, తర్వాత 6000 నంబరు రాయి. నంబరు పెరిగేకొద్దీ రాయి నునుపవుతుంది. కాసేపటికి అంచు వెనక సన్నని ఇనప ముడత తేలుతుంది. అప్పుడు ఉలిని తిప్పి, వీపుని రాయి మీద చదునుగా పెట్టి రెండు మూడుసార్లు రుద్దితే ఆ ముడత పోతుంది. పదునుని వేలితో చూడకండి! పైన్ చెక్క కోసిన చివర మీద ఉలితో సన్నగా చెక్కి చూడండి. నున్నగా తెగితే పదును ఉన్నట్టు. పొడి పొడిగా రాలితే ఇంకా రుద్దాలి.

చిత్రిక: దీని లోపలి ఇనప పలకని కూడా ఉలిలాగే సానపట్టాలి. తర్వాత అది కింద నుంచి ఎంత బయటికి వచ్చిందో చూసుకోవాలి. చాలా కొంచెమే రావాలి. కాగితం లాంటి పల్చని పొట్టు చుట్టలు చుట్టుకుంటూ వస్తే చిత్రిక కుదిరినట్టు. మధ్యలో ఆగిపోతూ ఉంటే పలక ఎక్కువ బయటికి వచ్చిందని అర్థం.

రంపం: పళ్ళని దగ్గర నుంచి చూడండి. ఒకటి ఎడమకి, ఒకటి కుడికి కాస్త వంగి ఉంటాయి. అందువల్ల రంపం తన మందం కంటే కొంచెం వెడల్పుగా కోస్తుంది, చెక్కలో ఇరుక్కోదు.

పదును ఉంటేనే భయం తక్కువ

‘పదునైన ఉలి పిల్లలకి ప్రమాదం కదా, మొండిదే ఇద్దాం’ అని కొందరు పెద్దవాళ్ళు అనుకుంటారు. అక్కడే పొరపాటు. మొండి ఉలిని గట్టిగా తొయ్యాలి. గట్టిగా తోసినప్పుడు అది జారితే ఆ బలమంతా ఎటు పోతుంది? ఎదురుగా ఉన్న చేతి మీదకి! పదునైన ఉలికి కొంచెం బలం చాలు. కాబట్టి అది మన అదుపులో ఉంటుంది.

మెత్తని చెక్కకి పదును అక్కర్లేదని కూడా అనుకోకండి. మెత్తని చెక్క మొండి ఉలికి తెగదు, నలిగిపోతుంది. విజయవాడ దగ్గర కొండపల్లిలో బొమ్మలు చేసేది తేలికైన, మెత్తని పొణికి చెక్కతోనే. అలాంటి చెక్క నున్నగా తెగాలంటే మంచి పదును ఉండాలి. టేకు సంగతి వేరు. దానిలో ఇసుకలో ఉండే సిలికా ఉంటుంది. అందుకే టేకు చెక్కితే పదును తొందరగా పోతుంది, మధ్యమధ్యలో మళ్ళీ సానపట్టాలి.

వాడేటప్పుడు

1. చెక్కని ముందు బల్లకి బిగించండి. అప్పుడు రెండు చేతులూ పనిముట్టు మీదే ఉంటాయి.
2. ఉలి అంచుకి ఎదురుగా చెయ్యి ఎప్పుడూ పెట్టకండి. రెండు చేతులూ అంచుకి వెనకే ఉండాలి.
3. రంపాన్ని గీత మీద కాదు, గీత పక్కన, పారేసే ముక్క వైపు నడపండి.
4. గాడి తీసేటప్పుడు ముందు రంపంతో రెండు వైపులా కొయ్యండి. మధ్య భాగాన్ని ఉలితో సగం ఇటు నుంచి, సగం అటు నుంచి తియ్యండి. ఒకే వైపు నుంచి తోస్తే అవతలి అంచు చిట్లుతుంది.
5. చిత్రికని చెక్క చారల వాలు వెంట నడపండి. పిల్లి వీపుని తల నుంచి తోక వైపు నిమిరినట్టు! చెక్క లేచిపోతుంటే దాన్ని అటుదిటు తిప్పి పెట్టుకోండి.
6. కరెంటు రంపాలు పెద్దవాళ్ళకి వదిలెయ్యండి.

మన మాటల్లో వడ్రంగం

చిత్రిక పట్టడం అంటే చెక్కని నునుపు చెయ్యడం. రాసిన వాక్యాలని దిద్ది బాగుచెయ్యడాన్ని కూడా చిత్రిక పట్టడం అంటాం. బాగా ఆలోచించమని చెప్పడానికి ‘బుద్ధికి పదును పెట్టు’ అంటాం. చెట్టు నడిమధ్య ఉండే గట్టి చెక్క పేరు చేవ. శక్తి ఉన్నవాణ్ణి ‘చేవ ఉన్నవాడు’ అంటాం. ఈ మాటలు మీరు కూడా వాడండి.

అభ్యాసం

1. వడ్రంగి సంచిలో సానరాయి ఎందుకు ఉంటుంది? మీ సొంత మాటల్లో రెండు వాక్యాలు రాయండి.
2. మొండి ఉలి ఎందుకు ప్రమాదం?
3. మీ ఇంట్లో ఉన్న మూలమట్టాన్ని తిరగేసి గీత గీసి పరీక్షించండి. ఏం తేలింది?
4. తాతగారికో అమ్మమ్మగారికో ఫోన్ చేసి, వాళ్ళ ఊళ్ళో చిత్రికని, బాడిసని ఏమంటారో అడగండి. వాళ్ళు చెప్పిన పేర్లు పుస్తకంలో రాసుకుని తరగతికి తీసుకురండి.