తాపీ తీరాన తెలుగు నేతింటి ఇల్లాళ్ళు

పదిహేడవ శతాబ్ది ఆరంభంలో భారతదేశపు రెండు తీరాలలో రెండు రేవులు బట్టల వ్యాపారానికి పేరుపొందాయి: తూర్పున మచిలీపట్నం, పడమట సూరత్. ఆంగ్ల వర్తకులు 1611లో మొదటి రేవులోను, 1613 ప్రాంతంలో రెండవ రేవులోను స్థావరాలు ఏర్పరచుకొన్నారు. ఆనాడు తెలుగు నేతగాని బట్ట ఓడలెక్కి దూరదేశాలకు వెళ్ళేది. నేతగాడు మాత్రం తన ఊరు కదలేవాడు కాదు. ఇరవయ్యవ శతాబ్దంలో ఈ వరుస తారుమారైంది. మిల్లుబట్ట, ఆ తరువాత మరమగ్గపు బట్ట ఊళ్ళోకి వచ్చాయి. నేతగాడే మూట కట్టుకొని రైలెక్కాడు.

తెలంగాణ పద్మశాలీలు మొదట షోలాపూరు, ఆపైన బొంబాయి, భివండీ చేరారు. ఈ వలసబాటకు ఉత్తరపు కొసలలో ఒకటి సూరత్. కరీంనగర్, వరంగల్లు, నల్గొండ ప్రాంతాల కుటుంబాలు అక్కడి లింబాయత్, ఉధ్నా పేటలలో స్థిరపడ్డాయి. వరంగల్లులో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కినవారు బల్హార్షా, వార్ధా, భుసావల్, నందుర్బార్ల మీదుగా తాపీ నది ఒడ్డున దిగుతారు. మొదట మగవారు వచ్చారు. గది ఒకటి అద్దెకు దొరికిన తరువాత ఆడవారు వచ్చారు. వలస చరిత్రలు సాధారణంగా మొదటివారి గురించే చెప్పి ఊరుకుంటాయి. కాని వలసను కాపురంగా మార్చినవారు రెండవవారే.

ఆ స్త్రీలు ఏమి విడిచివచ్చారో తెలియాలంటే చేనేత ఇంటిలో పని ఎట్లా సాగేదో చూడాలి. మగ్గపు గుంటలో కూర్చొని నాడె ఆడించేవాడు పురుషుడే. అయితే నూలు తోడడం, రాట్నం మీద కండెలు చుట్టడం, పడుగుకు గంజి పట్టించేటప్పుడు చేయి వేయడం, ఆసు పోయడం, ఇవన్నీ ఇంటి స్త్రీల వంతు. పోచంపల్లి తరహా చీర ఒకదానికి ఆసు పోయడానికి చేతిని దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడించాలని లెక్క. తల్లి లక్ష్మి భుజాల నొప్పి చూడలేక చింతకింది మల్లేశం 1999లో ఆసుయంత్రాన్ని రూపొందించి, దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఆ శ్రమ అంత కఠినమైనది. కఠినమైనదైనా, స్త్రీ లేనిదే మగ్గం నడవదన్న సంగతి ఇంటిలో అందరికీ తెలుసు.

సూరత్‌లో మగ్గం ఇంటిలో లేదు. అది ‘ఖాతా’లో ఉంది. మరమగ్గాల శాలను అక్కడ ఆ పేరుతోనే పిలుస్తారు. పడుగు యంత్రం మీద తయారవుతుంది. కండెలు యంత్రం మీద చుట్టుకొంటాయి. పన్నెండు గంటల పాళీ ముగించుకొని భర్త ఇంటికి వస్తాడు. కూలి పెరిగింది, నిజమే. అయితే నేతలో సగభాగం చేసిన స్త్రీకి ఆ సగం పోయింది. తాను పుట్టి పెరిగిన వృత్తిలో ఆమె ఒక్కసారిగా ప్రేక్షకురాలైంది. ఈ నష్టం ఏ జమాఖర్చులలోను కనిపించదు.

ఆమె ఊరకే కూర్చోలేదు. చీరల సింగారింపు పని ఇంటి గడపలోకి వచ్చింది. కుట్టుపూల వెనుక వేలాడే దారాలు కత్తిరించడం, మెరిసే రాళ్ళు అంటించడం, అంచు కుట్టడం: చీరకు ఇంతని కూలి. రాత్రి పాళీ చేసి వచ్చిన భర్త పగలు నిద్రపోయే ఒంటిగదిలోనే ఒక మూల చీరల కట్ట, ఒక మూల పొయ్యి, నడుమ పలక పట్టుకొన్న పిల్లలు. జిగురు వాసన, కంటికి శ్రమ, వంగిన నడుము. పని తెచ్చి ఇచ్చే మధ్యవర్తి చెప్పినదే ధర. ఇంటిలో చేసే పనిని పనిగా లెక్కించాలన్న కోరిక గుజరాత్‌కు కొత్తది కాదు. అహమ్మదాబాదులో 1972లో ఇలా భట్ స్థాపించిన ‘సేవా’ సంస్థ దీనికై దీర్ఘకాలం కృషి చేసింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో గృహాధారిత శ్రమపై ప్రత్యేక ఒడంబడికను ఆమోదించింది. భారతదేశం దానిని ఇంకా ధ్రువీకరించలేదు. 2008 నాటి అసంఘటిత కార్మికుల సామాజిక భద్రతా చట్టం ఇటువంటి స్త్రీలను కార్మికులుగా నిర్వచించింది. నిర్వచనం నుంచి కూలిరేటు దాకా ఉన్న దూరం మాత్రం చాలా పెద్దది.

కష్టకాలాలూ వచ్చాయి. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షలాది మంది నగరం విడిచిపోయారు. మరుసటి ఏడు పురపాలక కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు చేపట్టిన పారిశుద్ధ్య కార్యక్రమంతో సూరత్ రూపురేఖలే మారాయి. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నుంచి వదలిన నీటితో తాపీ పొంగి నగరంలో అధికభాగం మునిగింది. లింబాయత్ పక్కన పారే మీఠీ ఖాడీ వానకాలంలో పొంగడం ఆ పేటలవారికి అలవాటైన బెడద. నీరు తీసిన ఇంటిని కడిగి, తడిసిన బియ్యం ఆరబోసి, మళ్ళీ పొయ్యి వెలిగించే పని ఎవరిదో వేరే చెప్పనక్కరలేదు.

కొత్త నేల పూర్తిగా పరాయిది కూడా కాదు. దక్షిణ గుజరాత్‌లో జొన్న పండుతుంది. చలికాలంలో సూరత్ వీధులలో అమ్మే ‘పోంక్’ లేతజొన్నలను కాల్చి నలిపినదే. తెలంగాణ స్త్రీ దానిని చూడగానే ఊచబియ్యం అని గుర్తుపడుతుంది. పడుగు–పేకలను గుజరాతీలు తాణా–వాణా అంటారు. పప్పులో బెల్లం వేయడం ఒక్కటే చాలాకాలం మింగుడుపడని సంగతి!

అన్నిటికంటె చిత్రమైన కలయిక పండుగలో ఉంది. గుజరాతీల పంచాంగంలోను తెలుగువారి పంచాంగంలోను నెలలు అమావాస్యతోనే ముగుస్తాయి. భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మ. మరునాడు గర్బా ఆరంభం. ఒకరు పూలను గోపురంగా పేర్చి చుట్టూ తిరుగుతారు, మరొకరు దీపం పెట్టిన కుండ చుట్టూ తిరుగుతారు. రెండింటిలోను చప్పట్లు, రెండింటిలోను వలయం, రెండింటిలోను స్త్రీ పాట. తంగేడును గుజరాతీలో ‘ఆవళ్’ అంటారు. చెరువుగట్టున ఉచితంగా దొరికిన పువ్వును నగరంలో వెతుక్కోవలసి రావడం, దొరకనప్పుడు బంతితో సరిపెట్టుకోవడం తొలితరం స్త్రీలకు తప్పలేదు. తెలంగాణ ప్రభుత్వం 2014లో బతుకమ్మను రాష్ట్ర పండుగగా ప్రకటించే నాటికి లింబాయత్ వీధులలో ఆ పాట ఒక తరం నుంచి మరొక తరానికి చేరి ఉంది.

పాట చేరినంత సులువుగా అక్షరం చేరలేదు. సూరత్ పురపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా మాధ్యమాలతో పాటు తెలుగు మాధ్యమంలోను ప్రాథమిక పాఠశాలలు నడుపుతూ వచ్చింది. ఇది ఇతర నగరాలు గమనించదగిన ఏర్పాటు. అక్కడ చదివిన బాలిక ఇంటికి వచ్చిన ఉత్తరాన్ని అమ్మకు చదివి వినిపించగలిగింది. బజారులో గుజరాతీ ధరల పట్టికనూ చదివింది. ఆమె పిల్లలు ఇప్పుడు ఎక్కువగా గుజరాతీ, హిందీ, ఇంగ్లీషు బడులకు వెళుతున్నారు. అమ్మమ్మతో మాత్రం తెలుగులో మాట్లాడతారు. ఆ తెలుగులో శేఠ్, మాల్, ఖాతా అనే మాటలు ఏనాటినుంచో సొంతమాటలై కలిసి ఉన్నాయి.