జముకు మోగిన దశాబ్దం: అరవైల్లో పలాస, టెక్కలి, ఉద్దానం

బీటిల్స్ పాటలు, వియత్నాం యుద్ధ వ్యతిరేక ఊరేగింపులు, చంద్రుడి మీద మనిషి అడుగు: 1960ల దశకం అనగానే ప్రపంచానికి ఇవి గుర్తొస్తాయి. శ్రీకాకుళం జిల్లా తీరానికి ఆ దశాబ్దం వేరే శబ్దాలతో వచ్చింది. నౌపడా నుంచి పోయే చిన్న రైలు కూత, గుడారం సినిమా రికార్డు, కొత్తగా కొన్న ట్రాన్సిస్టరు, వీటన్నిటికంటే గట్టిగా జముకు అనే వాద్యం మోత. ఆ జముకే దశాబ్దం చివరికొచ్చేసరికి పోలీసు రికార్డుల్లోకి కూడా ఎక్కింది.

కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో నిండిన ఉద్దానం ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట నుంచి మందస, పలాస, వజ్రపుకొత్తూరు దాకా విస్తరించి ఉంటుంది. ఒక పక్క సముద్రం, మరో పక్క తూర్పు కనుమలు, ఉత్తరాన ఒడిశా. ఇళ్లలో తెలుగు, ఒడియా రెండూ వినిపిస్తాయి. హౌరా–మద్రాసు ప్రధాన రైలు మార్గం పలాస మీదుగా పోతుంది. ఉప్పు మళ్లకు పేరుపడ్డ నౌపడా నుంచి టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి దాటి గుణుపురం దాకా నేరోగేజి బండి నడిచేది. 1900లో పర్లాకిమిడి రాజా వారి పూనికతో మొదలైన ఆ లైను మీద అరవైల్లోనూ ఆవిరి ఇంజనే. కొండ సరుకు, సంతకు పోయేవాళ్లు, కోర్టు పక్షులు, కబుర్లు, అన్నీ ఆ బండిలోనే దిగేవి.

వార్త మాత్రం ఆలస్యంగా చేరేది. 1974లో విశాఖపట్నంలో ఈనాడు మొదలయ్యేదాకా పెద్ద తెలుగు దినపత్రికలు విజయవాడ, మద్రాసుల నుంచి రావాల్సిందే. ఆ లోటును కొంత తీర్చింది రేడియో. 1963 ఆగస్టు 4న ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం ప్రారంభమైంది. అంతకుముందు ఈ ప్రాంతపు శ్రోతలు మద్రాసు, విజయవాడ కేంద్రాల కోసం చెవులు రిక్కించేవారు. సినిమా పాటలకైతే రేడియో సిలోన్, వివిధ భారతి. అప్పట్లో రేడియో పెట్టుకోవాలంటే లైసెన్సు తీసుకోవాల్సి వచ్చేది, ఏటా రుసుం కట్టాల్సి వచ్చేది. అందువల్ల ఊరికి ఒకటో రెండో ఉండేవి; పంచాయతీ ఆఫీసు అరుగు మీద వినేవాళ్లే ఎక్కువ. 1962 చైనా యుద్ధం, 1964 మే నెలలో నెహ్రూ మరణం, 1965 పాకిస్తాన్ యుద్ధం ఈ తీరానికి అలా చేరాయి.

సినిమాలో అది బంగారు కాలం. పూర్తి రంగుల్లో వచ్చిన తొలి తెలుగు చిత్రం ‘లవకుశ’ 1963లో విడుదలైంది. అదే ఏడాది ‘నర్తనశాల’, మరుసటి ఏడాది ‘మూగమనసులు’. ఉత్తరాంధ్రకు ఇంకో గర్వం కూడా ఉంది: విజయనగరంలో పుట్టిన పి.సుశీల ఈ దశాబ్దంలోనే తెలుగు, తమిళాల్లో ఎదురులేని గాయనిగా నిలిచారు. జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఉత్తమ నేపథ్య గాయని బహుమతి తొలిసారి దక్కింది ఆమెకే. అయితే ఆ తెర మీద కనిపించిన పల్లెటూళ్లు ఎక్కువగా మధ్య కోస్తా జిల్లాలవి. శ్రీకాకుళం యాస వినిపించినా హాస్యానికే. ఈ ప్రాంతపు బతుకు బతుకులా కనిపించింది కథల్లో. కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ 1964లో ‘యువ’ పత్రికలో వచ్చింది. తరతరాల అప్పు, దాన్ని ధర్మం పేరుతో వసూలు చేసే ఊరి పెద్దలు, తన కొడుకు బానిస కాకూడదని తండ్రి చేసే ఘోరం: ఆ కథ మీద తెలుగు పాఠకులు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. నాలుగేళ్లకే ఈ జిల్లాలో జరగబోయేదానికి అంతకు మించిన ముందుమాట మరొకటి లేదు.

ఊళ్లలో అసలైన వినోదం అమ్మవారి సంబరాలదే. తప్పెటగుళ్లు, కోలాటం, కర్రసాము, సంగిళ్లు ఎత్తే పోటీలు, వీధి నాటకం, వాటి నడుమ జముకుల కథ. గొట్టం లాంటి పాత్రకు ఒక వైపు తోలు బిగించి, ఆ తోలు మధ్యలోంచి నరం తీగను లాగి కడతారు. తీగను బిగించి మీటితే పుట్టే గుబగుబ శబ్దమే జముకు. తెలంగాణలో, రాయలసీమలో ఇలాంటి వాద్యాన్నే జమిడిక అంటారు. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవారు వంత పాడుతారు. ఎల్లమ్మ కథ, గ్రామదేవతల కథలు రాత్రంతా సాగేవి. వేదిక అక్కర్లేదు, మైకు అక్కర్లేదు, టిక్కెట్టు అసలే లేదు.

రాజకీయం కూడా ఆ సంబరాల మైదానాల్లోనే తిరిగింది. ఉద్దానానికి రైతు పోరాటం కొత్త కాదు. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభలు జరిగాయి. ఆ తర్వాత కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, మందస జమీందారీ అడవి హక్కుల గొడవలో గుడారి రాజమణిపురం వద్ద పోలీసు కాల్పులు జరిగి వీర గున్నమ్మ ప్రాణం విడిచింది. అరవైల నాటి పెద్దలకు అది నిన్నటి మాట. బారువలో పుట్టిన గౌతు లచ్చన్న స్వతంత్ర పార్టీ పక్షాన రాష్ట్రంలోనే పెద్ద ప్రతిపక్ష నాయకుడయ్యారు. అదే పార్టీ నాయకుడు ఎన్.జి.రంగా నాలుగో లోక్‌సభలో ప్రాతినిధ్యం వహించింది శ్రీకాకుళానికే. 1966లో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ నినాదం జిల్లా కళాశాలలను కదిలించింది. నవంబరు 1న విశాఖలో కాల్పులు జరిగాయి. ఆ ఉద్యమంలో రాష్ట్రమంతటా 32 మంది చనిపోయినట్టు చెబుతారు.

ఇంకోవైపు కమ్యూనిస్టులు. కొండల్లో వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం అనే ఉపాధ్యాయులు గిరిజన సంఘం కట్టి వడ్డీ వ్యాపారం, వెట్టి, అన్యాక్రాంతమైన భూముల మీద పోరాడుతున్నారు. మైదానంలో పలాసకు దగ్గరలోని బొడ్డపాడు ఆ ఉద్యమానికి కేంద్రమైంది. ఆ ఊరి గుడి పూజారి సుబ్బారావు పాణిగ్రాహి, ఒడియా మూలాలున్న బ్రాహ్మణ కుటుంబంవాడు, జముకు పట్టుకున్నాడు. ఇది చిన్న ఎంపిక కాదు. తెలుగు కమ్యూనిస్టులకు నలభైల నుంచి బుర్రకథ అలవాటు. అది గుంటూరు, కృష్ణా వైపు నుంచి వచ్చిన సొత్తు. పాణిగ్రాహి తన ప్రాంతపు జనం అమ్మవారి ముందు విన్న బాణీనే తీసుకుని, ఎల్లమ్మ స్థానంలో కూలీని, రాక్షసుడి స్థానంలో సావుకారును నిలిపాడు. చదువురాని శ్రోతకు కథ కొత్తది, రాగం తనదే. కరపత్రం చేయలేని పని అది చేసింది. ఎర్ర రంగు మీద అతను కట్టిన పాట పార్టీలు చీలినా, మారినా నేటికీ సభల్లో వినిపిస్తుంది.

1967 అక్టోబరు 31న మొండెంఖల్ గిరిజన మహాసభకు పోతున్నవారిపై లేవిడి వద్ద భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు చనిపోయారు. నిందితులు కోర్టులో నిర్దోషులుగా బయటపడటంతో నిప్పు రాజుకుంది. అదే ఏడాది మే నెలలో బెంగాల్‌లోని నక్సల్బరి నుంచి వచ్చిన పిలుపు అప్పటికే ఇక్కడి నాయకులకు చేరింది. 1968 నవంబరులో కొండల్లోని పెదగొట్టిలిలో ఉద్యమకారుల దాడి జరిగింది. ఉద్దానంలో గరుడభద్ర ఘర్షణతో మైదానమూ అంటుకుంది. పంట పట్టుకుపోవడం, అప్పు పత్రాలు తగలబెట్టడం దాకా సాగిన ఉద్యమం భూస్వాములను, వడ్డీ వ్యాపారులను చంపే దారి పట్టింది. ఆ దారిలోకి దిగాక రాత్రిపూట జముకు చుట్టూ వందల మంది కూర్చునే రోజులు పోయాయి. సాయుధ దళం రహస్యంగా ఉండాలి, కథ బహిరంగంగా చెప్పాలి; రెండూ ఒకచోట ఇమడవు. హత్యలు జనాన్ని దగ్గర చేశాయన్న వాదనకు ఈ తీరంలో రుజువు దొరకదు.

ప్రభుత్వం కల్లోలిత ప్రాంత చట్టాన్ని అమలు చేసి, పెద్ద ఎత్తున పోలీసు బలగాలను దించింది. 1969 మే 27న సోంపేట తాలూకా జలంతరకోట వద్ద ఉద్యమ నాయకుడు పంచాది కృష్ణమూర్తి, మరో ఆరుగురు చనిపోయారు. పోలీసులు ఎదురుకాల్పులన్నారు, పట్టుకుని కాల్చారని ఉద్యమం అంది. ‘ఎన్‌కౌంటర్’ అనే మాట తెలుగు ఊళ్లకు పరిచయమైంది ఆ రోజుల్లోనే. ఆ డిసెంబరులో రంగమటియా కొండల్లో పాణిగ్రాహి, కృష్ణమూర్తి భార్య పంచాది నిర్మల, వారి సహచరులు చనిపోయారు. 1970 జులై 10న వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం కూడా. ఉద్యమంలో చేరిన, నౌపడా బండి చివరి ఊరైన గుణుపురం వకీలు నాగభూషణ్ పట్నాయక్ 1969లో విశాఖ జైలు నుంచి తప్పించుకుని, మళ్లీ పట్టుబడి, ఉరిశిక్ష పడి, అది చివరికి యావజ్జీవంగా మారాక 1981లో బయటికొచ్చాడు.

సాయుధ ఉద్యమం అణగిపోయినా రెండు ఫలితాలు మిగిలాయి. మొదటిది చట్టం: షెడ్యూల్డు ప్రాంతాల్లో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా కట్టడి చేసే 1970 నాటి భూబదలాయింపు నిబంధన, జనం నోట ‘వన్ ఆఫ్ సెవెంటీ’. కొండల్లో భూమి గొడవ వచ్చిన ప్రతిసారీ ఈనాటికీ ముందు వినిపించే మాట అదే. రెండోది సాహిత్యం. 1970 ఫిబ్రవరిలో విశాఖలో శ్రీశ్రీ షష్టిపూర్తి జరుగుతుండగా, శ్రీకాకుళంలో నెత్తురు కారుతుంటే రచయితలు ఎటువైపని విద్యార్థులు కరపత్రం పంచారు. జులై 4న హైదరాబాదులో విప్లవ రచయితల సంఘం ఏర్పడింది. 1972 తర్వాత విప్లవ కళాబృందం జననాట్యమండలి, పార్వతీపురం వైపు నుంచి వచ్చిన వంగపండు ప్రసాదరావు పాటలు పాణిగ్రాహి వేసిన బాటలోనే నడిచాయి.

ఆ దశాబ్దం మీద వచ్చిన పుస్తకాల్లో దళాల కదలికలకు, కేసులకు దొరికిన చోటు కథకులకు, వంతలకు దొరకలేదు. ఆ రాత్రులు విన్నవారు ఉద్దానం పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు, ఎనభైలకు అటూ ఇటూగా. పలాస, టెక్కలి కళాశాలల తెలుగు విద్యార్థులు సెలవుల్లో ఫోను పట్టుకుని వారి దగ్గర కూర్చుని ఆ జ్ఞాపకాలు రికార్డు చేస్తే చాలు. ఆ పని ఈ ఏడాదే మొదలు కావాలి.