ఎండ కాస్తుంటే కృష్ణా ఎందుకు పొంగుతుంది? పుట్టి, మరబోటు నీళ్లలోకి దించే ముందు ఏం చూసుకోవాలి?

గద్వాలలో చినుకు పడి పది రోజులైంది అనుకోండి. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. అయినా ఆ రోజు కృష్ణాలో పుట్టి దించితే ప్రాణం మీదికి రావచ్చు. ఇక్కడ నది పొంగడానికి గద్వాలలో వాన పడక్కర్లేదు. మహారాష్ట్రలో పడమటి కనుమల మీద కురిస్తే చాలు. ఆ నీరు ఆలమట్టి, నారాయణపూర్ జలాశయాలు దాటి జూరాలకు వస్తుంది. ఉజని నుంచి భీమా మోసుకొచ్చే వరద కూడా జూరాలకు ఎగువనే కృష్ణాలో కలుస్తుంది. ఈ రెండూ ఒకేసారి వస్తే జూరాల గేట్లు లేస్తాయి. అప్పటిదాకా మోకాలి లోతు ఉన్న రేవులో పడవ కట్టేసే చోటు కూడా మిగలదు.

మీరు హైదరాబాద్‌లో కూర్చుని ఇది చదువుతూ ఉండొచ్చు. మీ నాన్నో, మామయ్యో, చిన్ననాటి స్నేహితుడో వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఏదో ఒక రేవు నుంచి రోజూ వేటకు వెళ్తుండొచ్చు. లేదంటే ఆదివారం సోమశిల వెళ్లి మీరే మరబోటు ఎక్కుతుండొచ్చు. వాళ్ల చేతిలో తెడ్డు ఉంటే మీ చేతిలో ఫోన్ ఉంది. ప్రమాదం సంగతి ముందుగా తెలిసేది చాలాసార్లు ఫోన్‌లోనే.

ఈ ప్రాంతం చూసిన రెండు ప్రమాదాలు పక్కపక్కన పెట్టి చూడాలి. 2020 ఆగస్టులో నారాయణపేట జిల్లా మక్తల్ మండలం పంచదేవ్‌పాడు దగ్గర 13 మందితో నది దాటుతున్న పుట్టి బోల్తా పడి నలుగురు కొట్టుకుపోయారు. సరుకులు కొనుక్కుని తిరిగి వెళ్తున్నవాళ్లు వాళ్లు. అప్పుడు కృష్ణా వరద మీద ఉంది. 2007 జనవరిలో కొల్లాపూర్ వైపు మంచాలకట్ట దగ్గర సింగోటం జాతరకు వస్తున్న జనంతో కిక్కిరిసిన పడవ మునిగి సుమారు 60 మంది చనిపోయారు. జనవరి అంటే వరద కాలం కాదు. అంటే చంపేది ఉరవడి ఒక్కటే కాదు, ఎక్కిన బరువు కూడా. ఈ రెండో ప్రమాదాన్ని జనం త్వరగా మర్చిపోయారేమో అనిపిస్తుంది, జాతర రోజుల్లో రేవుల దగ్గర రద్దీ చూస్తే.

లక్ష క్యూసెక్కులు అంటే ఎంత?

వరద రోజుల్లో వార్తల్లో 'జూరాల నుంచి లక్ష క్యూసెక్కులు దిగువకు' అని చదువుతుంటాం. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు సుమారు 28 లీటర్లు. లక్ష క్యూసెక్కులంటే సెకనుకు 28 లక్షల లీటర్లు. మీ వీధిలోకి వచ్చే పది వేల లీటర్ల నీళ్ల ట్యాంకర్లు 280 ఒక్క సెకనులో మీ ముందు నుంచి వెళ్లిపోయినట్టు. మరుసటి సెకను మరో 280.

పడవకు తెలిసేది ఈ లెక్క కాదు, నీటి వేగం. వేగం రెండింతలైతే పడవను నెట్టే బలం నాలుగింతలవుతుంది. నిన్న తెడ్డుతో సునాయాసంగా దాటిన పాయలో ఈ రోజు ఎందుకు చేతులు పడిపోతున్నాయో దీన్నిబట్టి అర్థమవుతుంది. పుట్టి వేసేవాళ్లు ఎంత బలంగా తెడ్డు వేసినా మనిషి నడిచేంత వేగమే వస్తుంది. నది అంతకంటే వేగంగా పారుతుంటే పుట్టి ఎటు వెళ్లాలో నిర్ణయించేది నదే.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. గేట్లు మూసే ఉన్నా నీరు పెరగొచ్చు. జూరాల దగ్గర, దాని దిగువన లోయర్ జూరాల దగ్గర జలవిద్యుత్ కేంద్రాలు ఉన్నాయి. యూనిట్లు తిప్పడం మొదలుపెట్టగానే దిగువ పాయల్లో మట్టం పెరుగుతుంది. రాళ్ల మధ్య మడుగుల్లో వల వేసినవాళ్లకు, ఇసుక దిబ్బ మీద కూర్చున్నవాళ్లకు ఇదే పెద్ద గండం. నీళ్లు ఒక్కసారిగా మట్టి రంగులోకి మారినా, పుల్లలు, నురగ తేలివస్తున్నా, పొద్దున ఒడ్డున పాతిన పుల్ల మునిగినా ఇంకేమీ ఆలోచించొద్దు. ఒడ్డుకు వచ్చేయాలి. గేట్లు ఎత్తే ముందు సాధారణంగా సైరన్ మోగిస్తారు, ఊళ్లలో చాటింపు వేస్తారు. కానీ నది మధ్యలో, ఎదురుగాలిలో, ఇంజిన్ చప్పుడులో సైరన్ వినపడకపోవచ్చు.

గుర్రంగడ్డ లాంటి దీవి ఊళ్లో ఉన్నవాళ్లకు 'వెళ్లొద్దు' అని చెప్పడం తేలికే. ఆస్పత్రికి, బడికి, సరుకులకు నది దాటాల్సిందే. అలాంటి చోట వరద రోజుల్లో తప్పనిసరి ప్రయాణం ఉంటే సొంత పుట్టిలో బయల్దేరకుండా తహసీల్దారు కార్యాలయానికి ఫోన్ చేసి లైఫ్ జాకెట్లతో మరబోటు అడగడం మీ హక్కు. గర్భిణులు, జబ్బుపడ్డవాళ్లు ఉన్న ఇళ్లు వరద రాకముందే ఆ పని చేసుకోవాలి.

సోమశిల దగ్గర తీరు వేరు

జూరాల కింద భయం ఉరవడిది. సోమశిల, మంచాలకట్ట వైపు శ్రీశైలం వెనుక జలాల్లో భయం గాలిది. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. నీరు ఆ దరిదాపుల్లో ఉన్నప్పుడు నది పెద్ద చెరువులా పరుచుకుంటుంది. గాలికి అడ్డు ఉండదు. నీటి మీద గాలి ఎంత దూరం సాగితే అల అంత పెరుగుతుంది. సముద్రపు అలలా పొడవుగా, నింపాదిగా ఉండదు ఇది. పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెనుక ఒకటి వచ్చి పడుతుంది. ఒక అల నుంచి పడవ తేరుకోకముందే రెండోది లోపలికి దూకుతుంది.

మట్టం తగ్గుతున్నప్పుడు ఇంకో చిక్కు. ఈ జలాశయం కింద 1980ల మొదట్లో మునిగిన ఊళ్లు ఉన్నాయి. వేసవిలో సంగమేశ్వరాలయం బయటపడటం మీరు ఫొటోల్లో చూసే ఉంటారు. గుడితోపాటు పాత గోడలు, చెట్ల మోళ్లు, కట్టలు కూడా నీళ్లకు అంగుళాల లోతులోకి వస్తాయి. వేగంగా వెళ్లే మరబోటుకు మోడు తగిలితే అడుగు చీలిపోతుంది. తెలియని దారిలో, చీకట్లో వేగం తగ్గించాల్సింది ఇందుకే.

మరబోటుకు ఒక తీరు, పుట్టికి ఇంకో తీరు

పొడవాటి పడవకు అత్యంత ప్రమాదం పక్క నుంచి వచ్చే అల. అలకు అడ్డంగా తిరిగితే ఒకటి రెండు దెబ్బలకే బోల్తా పడుతుంది. పడవ ముందు భాగాన్ని అలకు ఎదురుగా, కాస్త ఏటవాలుగా ఉంచి ఇంజిన్ వేగం తగ్గించాలి. వేగం పెంచితే త్వరగా బయటపడతామని అనిపిస్తుంది. నిజానికి ముందు భాగం అల లోపలికి దూసుకెళ్లి నీళ్లు నింపుకుంటుంది. వెనక్కి తిరగాల్సి వస్తే నాలుగైదు అలలు గమనించి, కాస్త చల్లబడిన క్షణంలో ఒకేసారి తిప్పేయాలి. సగం తిప్పి ఆగకూడదు. గాలి వెనుక నుంచి వస్తుంటే హాయిగా ఉంటుంది కానీ అప్పుడే వెనుక భాగం పక్కకు జారి పడవ అడ్డం తిరుగుతుంది. అక్కడా వేగం అదుపులోనే ఉండాలి.

పుట్టికి ముందూ వెనుకా లేవు. గుండ్రంగా, తేలిగ్గా ఉండి అల మీద బెండులా తేలుతుంది. అందుకే మన మత్స్యకారులు దాన్ని తరతరాలుగా వాడుతున్నారు. దాని బలహీనత అంచు. బరువంతా ఒక పక్కకు వస్తే అంచు మునిగి నీళ్లు లోపలికి వస్తాయి. ఇద్దరు ఒకే వైపు వంగి వల లాగినప్పుడు జరిగేది అదే. తెడ్డు వేసేవాళ్లు మోకాళ్ల మీద కూర్చోవాలి. చేపల బుట్ట, వల తడిసి బరువెక్కాక వాటిని మధ్యలో పెట్టాలి. ఎంత తొందరున్నా నిలబడకూడదు. పుట్టిలో నలుగురు పట్టొచ్చు కదా అని ఎక్కించుకుంటారు. పట్టడం వేరు, అలలో నిలబడటం వేరు.

లోపలికి వచ్చిన నీళ్లను చిన్న విషయం అనుకోవద్దు. ఇరవై లీటర్ల నీళ్లు అంటే ఇరవై కిలోలు. అవి కదలకుండా ఉండవు, పడవ ఎటు వాలితే అటే పరిగెత్తి ఇంకా వంచుతాయి. సగానికి కోసిన డబ్బా ఒకటి తాడుతో పడవకు కట్టి ఉంచుకోండి. తోడటం మొదటి అల లోపలికి వచ్చినప్పుడే మొదలుకావాలి.

పారే నీళ్లకు ఎదురుగా పోరాడటం వృథా. దాటాల్సిన చోటుకు కాస్త ఎగువ నుంచి బయల్దేరి, ముఖం ఎగువకు ఏటవాలుగా పెట్టి, నది తోస్తుంటే నెమ్మదిగా అవతలికి జారుకుంటూ చేరాలి. వంతెన స్తంభాలు, ఆనకట్టల దిగువ, గేట్ల దరిదాపులకు వెళ్లనేవద్దు. నీరు పైనుంచి దూకే చోట అడుగున వెనక్కి తిరుగుతుంటుంది. ఆ తిప్పులో పడ్డవాళ్లను, పడవను మళ్లీ మళ్లీ లోపలికే లాగుతుంది. గజ ఈతగాళ్లు కూడా అక్కడ బతికి బయటపడటం కష్టం.

వల ముఖ్యమా, ప్రాణమా అనే ప్రశ్న అంత తేలిక కాదు

ఉరవడిలో వల మోడుకు చిక్కుకుంటే పుట్టి అక్కడే కట్టేసినట్టు ఆగిపోతుంది. నీళ్లు నెడుతూనే ఉంటాయి. తాడు కట్టిన వైపు అంచు కిందికి దిగుతుంది. అప్పుడు చేయాల్సింది ఒక్కటే, తాడు కోసేయడం. పట్నంలో కూర్చుని ఈ మాట చెప్పడం సులువు. వల అంటే వేల రూపాయలు, చాలాసార్లు అప్పు తెచ్చి కొన్నది. అందుకే ఆ క్షణంలో చేయి వెనకాడుతుంది. ఆ నిర్ణయం ఒడ్డున ఉన్నప్పుడే తీసుకోవాలి. కత్తి నడుముకో, పుట్టి లోపలి అంచుకో చేతికందేలా ఉండాలి, సంచి అడుగున కాదు. వల తాడును చేతికి, కాలికి చుట్టుకునే అలవాటు ఉంటే ఈ రోజే మానిపించండి.

బోల్తా పడితే

మొదటి మాట, పడవను వదలొద్దు. తిరగబడ్డ పుట్టి అయినా చాలాసేపు తేలుతుంది, వెతికేవాళ్లకు మనిషి తల కంటే అదే ముందు కనిపిస్తుంది. ఒడ్డు దగ్గరే ఉందనిపించి ఈదడానికి బయల్దేరినవాళ్లే ఎక్కువగా అలసిపోతారు. పారే నీళ్లలో పడవకు ఎగువ వైపు పట్టుకోవాలి. దిగువ వైపు ఉంటే రాయికీ పడవకూ మధ్య నలిగిపోయే ప్రమాదం ఉంది. పడవ చేజారిపోతే వెల్లకిలా తేలుతూ, కాళ్లు దిగువ వైపు చాచి, రాళ్లను కాళ్లతో తోసుకుంటూ ఏటవాలుగా ఒడ్డు చేరాలి. ఉరవడిలో నిలబడే ప్రయత్నం చేస్తే పాదం రాళ్ల మధ్య ఇరుక్కుంటుంది.

లైఫ్ జాకెట్ పడవలో ఉంటే సరిపోదు, ఒంటి మీద ఉండాలి, పట్టీలు బిగించి ఉండాలి. పడ్డాక నీళ్లలో వేసుకోవడం దాదాపు అసాధ్యం. జాకెట్ లేనివాళ్లు మూత గట్టిగా బిగించిన పది లీటర్ల ఖాళీ డబ్బాను దగ్గర ఉంచుకుంటారు. అది సుమారు పది కిలోల బరువును తేల్చగలదు, నీళ్లలో మనిషి తల పైన ఉంచడానికి అది చాలు. అయితే స్పృహ తప్పితే డబ్బా చేతిలోంచి జారిపోతుంది, జాకెట్ జారదు. టూరిస్టుగా ఎక్కుతున్న మీరైతే జాకెట్ ఇవ్వని బోటు దిగిపోండి. యంత్రంతో నడిచే పడవకు రిజిస్ట్రేషన్, సర్వే ధ్రువపత్రం ఉండాలని 2021 నాటి అంతర్గత నౌకల చట్టం చెబుతోంది. అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

ఫోన్‌లో ఏం చూడాలి?

వరద కోసం కేంద్ర జల సంఘం 'ఫ్లడ్‌వాచ్ ఇండియా' యాప్ ఉంది. నదుల మీద ఏ కేంద్రం దగ్గర మట్టం ఎంత ఉందో, పెరుగుతోందా తగ్గుతోందా అందులో తెలుస్తుంది. గద్వాల మట్టం ఒక్కటే చూస్తే ఆలస్యమవుతుంది, నారాయణపూర్ నుంచి ఎంత వదులుతున్నారో చూడండి. ఆ నీరు జూరాల చేరడానికి గంటల సమయం పడుతుంది, మీకు దొరికే వ్యవధి అదే. పిడుగుల కోసం 'దామిని' యాప్ మీ చుట్టూ 20 నుంచి 40 కిలోమీటర్ల పరిధిలో హెచ్చరిస్తుంది. మే, జూన్ సాయంత్రాల్లో ఇది తప్పనిసరి. నీటి మధ్యలో ఎత్తుగా ఉండేది పడవలోని మనిషే. ఉరుము వినపడితే ఒడ్డుకు రావాలి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి.

అత్యవసరమైతే 112. జిల్లా విపత్తు కంట్రోల్ రూమ్‌కు 1077. ఫోన్ చేసినప్పుడు 'కృష్ణాలో' అంటే చాలదు. ఏ రేవు నుంచి బయల్దేరారు, ఏ ఒడ్డుకు దగ్గర, ఎంతమంది అన్నది చెప్పాలి. అందుకే వేటకు వెళ్లేవాళ్లు ఎటు వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్లాలి. ఆ వేళ దాటితే ఎవరికి ఫోన్ చేయాలో ఇంట్లోవాళ్లకు తెలియాలి.

బీమా ఉందా?

ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద మత్స్యకారులకు సామూహిక ప్రమాద బీమా ఉంది. ప్రీమియం ప్రభుత్వాలే కడతాయి. 18 నుంచి 70 ఏళ్ల వయసువాళ్లు అర్హులు. ప్రమాదంలో మరణించినా, పూర్తిగా శాశ్వత వైకల్యం వచ్చినా 5 లక్షల రూపాయలు, పాక్షిక శాశ్వత వైకల్యానికి రెండున్నర లక్షలు, ఆస్పత్రి ఖర్చుకు 25 వేల వరకు ఇస్తారు. అయితే పేరు జాబితాలో ఉండాలి. సంఘంలో సభ్యత్వం ఉంది కాబట్టి బీమా కూడా ఉన్నట్టే అనుకోవద్దు. ఈ ఏడాది జాబితాలో పేరు ఎక్కిందో లేదో మత్స్య సహకార సంఘం అధ్యక్షుడినో, జిల్లా మత్స్యశాఖ కార్యాలయాన్నో అడగండి. ప్రమాదం జరిగితే వెంటనే పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు చేసి ఎఫ్‌ఐఆర్ కాపీ తీసుకోవాలి. మరణమైతే పోస్టుమార్టం నివేదిక కూడా అడుగుతారు. దుఃఖంలో ఉన్న ఇంట్లో ఈ కాగితాల సంగతి ఎవరికీ గుర్తుండదు, ఆ పని దగ్గరి బంధువు ఒకరు మీద వేసుకోవాలి. నామినీ పేరు, బ్యాంకు ఖాతా, ఆధార్‌లో పేరు ఒకేలా ఉన్నాయా అన్నది మాత్రం ఈసారి ఊరికి వెళ్లినప్పుడే చూసి రండి.