ఉక్కులో పగుళ్ల నుంచి కుక్క కడుపు దాకా

1880లో జాక్, పియరీ క్యూరీ సోదరులు క్వార్ట్జ్ లాంటి స్ఫటికాలను నొక్కితే విద్యుదావేశం పుడుతుందని కనిపెట్టారు. విద్యుత్తు ఇస్తే అదే స్ఫటికం కంపిస్తుందని ఆ మరుసటి ఏడాదే తేలింది. ఆ కంపనాన్ని సముద్రంలోకి పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనితో జలాంతర్గాముల జాడ పట్టవచ్చని మొదటి ప్రపంచ యుద్ధకాలంలో పాల్ లాంజెవాన్ చూపించాడు. తర్వాత ఫ్యాక్టరీలు ఈ విద్యతోనే లోహంలో పగుళ్లు వెతికాయి.

1955 జులైలో గ్లాస్గో ప్రసూతి వైద్య ఆచార్యుడు ఇయన్ డొనాల్డ్, ఆపరేషన్లలో తీసిన గర్భాశయ గడ్డలను, అండాశయ తిత్తులను కార్లలో వేసుకుని రెన్‌ఫ్రూలోని బాయిలర్ల ఫ్యాక్టరీకి వెళ్లాడు. పోల్చి చూడడానికి అక్కడివాళ్లు పెద్ద మాంసం ముక్క తెచ్చిపెట్టారు. పగుళ్లు వెతికే యంత్రం తెరమీద తిత్తి ఒకలా, గట్టి గడ్డ మరోలా కనిపించాయి. ఆ తర్వాత, కడుపు క్యాన్సర్ ముదిరిందని వైద్యులు ఆశ వదులుకున్న ఒక మహిళకు నిజానికి ఉన్నది అండాశయ తిత్తేనని అల్ట్రాసౌండ్ పట్టించింది. తిత్తి తీసేశారు, ఆమె బతికింది.

పశువైద్యంలోనూ ఇలాంటి మోసమే జరుగుతుంది. కుక్క మాటిమాటికీ వాంతులు చేసుకుంటుంది, విరేచనాలవుతాయి, తిండి మానేస్తుంది. సెలైన్ ఎక్కిస్తే లేచి తిరుగుతుంది, కొన్నాళ్లకు మళ్లీ మొదటికొస్తుంది. పేగుల జబ్బనే అనుకుంటాం. కొన్ని కుక్కల్లో అసలు లోపం మూత్రపిండాల పక్కనున్న అడ్రినల్ గ్రంథులది. రోగనిరోధక వ్యవస్థే వాటి పైపొరను నాశనం చేయడంతో కార్టిసాల్ అనే హార్మోన్ తగ్గిపోతుంది. ఇదే అడిసన్ వ్యాధి. సోడియం తగ్గి పొటాషియం పెరిగితే అనుమానం వస్తుంది. అవి మామూలుగా ఉన్న కేసులే చేజారిపోతాయి.

అలాంటప్పుడు అల్ట్రాసౌండ్‌తో అడ్రినల్ గ్రంథులను చూడవచ్చు. ఎడమ గ్రంథి వేరుశనగ కాయలా నడుమ సన్నగా, బృహద్ధమని పక్కనే ఉంటుంది. శరీరంలో ధ్వని వేగం సెకనుకు దాదాపు 1,540 మీటర్లు. 10 మెగాహెర్ట్‌జ్ ప్రోబ్ పంపే తరంగం పొడవు 0.15 మిల్లీమీటర్లే కాబట్టి ఇంత చిన్న గ్రంథినీ కొలవవచ్చు. అడ్డొచ్చేది పేగుల్లోని గాలి, అది ధ్వనిని ముందుకు పోనివ్వదు. డాక్టరు పొట్టమీద వెంట్రుకలు తీసి, జెల్ రాసి, ప్రోబ్‌ను మెల్లగా అదుముతూ గాలిని పక్కకు జరుపుతారు. ఎడమ గ్రంథి మందం 3.2 మిల్లీమీటర్ల కంటే తక్కువుంటే అడిసన్ అనుమానం బలపడుతుంది. అయితే చిన్న జాతి కుక్కల్లో గ్రంథి సహజంగానే చిన్నది. కొలత మామూలుగా ఉన్నంత మాత్రాన జబ్బు లేదని కూడా కాదు.

అందుకే తుది తీర్పు రక్తపరీక్షదే. అడ్రినల్ గ్రంథులను ప్రేరేపించే ఏసీటీహెచ్ హార్మోన్ ఇంజెక్షన్‌కు ముందూ, గంట తర్వాతా కార్టిసాల్ కొలుస్తారు. మీ కుక్కకు వాంతులు, విరేచనాలు తగ్గినట్టే తగ్గి తిరగబెడుతుంటే అడ్రినల్ గ్రంథుల సంగతి డాక్టరుని అడగండి. ఇంతకుముందు స్టెరాయిడ్లు వాడి ఉంటే తప్పక చెప్పండి. అవి గ్రంథిని కుదించి, పరీక్షనూ తప్పుదారి పట్టిస్తాయి. సమయానికి పట్టుకుంటే అడిసన్ ఉన్న కుక్క జీవితాంతం మందులతో హాయిగా బతుకుతుంది.